సీఎస్‌ఎస్ ప్రొఫైల్: అమెరికా కాలేజీల ఎయిడ్ ఫారం మన పొలాన్ని ఎలా లెక్కగడుతుంది

భీమవరంలోగానీ రాజమండ్రిలోగానీ కన్సల్టెన్సీ మెట్లెక్కితే మాట్లాడేదంతా ఎంఎస్ గురించే. ఇంటర్ అవగానే అమెరికాలో డిగ్రీకి వెళ్లొచ్చని, అందుకు వెయ్యి, రెండు వేల మంది విద్యార్థులుండే చిన్న ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు, అంటే ఒకే కోర్సుకు పరిమితం కాకుండా పలు సబ్జెక్టులు చదివించే డిగ్రీ కాలేజీలున్నాయని అక్కడ చెప్పేవాళ్లు అరుదు. వీటిలో పేరున్నవి సాధారణంగా ఏజెంటుకు కమీషన్ ఇచ్చి పిల్లల్ని చేర్చుకునేవి కావు. పైగా ఫీజు చూడగానే ఎవరైనా వెనక్కి తగ్గుతారు. ట్యూషన్, హాస్టల్, భోజనం కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటింది, కొన్నిచోట్ల 90 వేలకు చేరింది. డాలరు 88 రూపాయలనుకుంటే 70 నుంచి 80 లక్షలు.

ఆ అంకె అందరూ కట్టేది కాదు. ఆమ్‌హర్స్ట్, బోడిన్ కాలేజీలు విదేశీ విద్యార్థికి సీటిచ్చేటప్పుడు డబ్బు అవసరాన్ని చూడవు. సీటిచ్చాక ఆ కుటుంబం భరించలేనిదంతా తామే భరిస్తాయి. విలియమ్స్, పొమోనా, గ్రిన్నెల్, వాసర్, మకాలెస్టర్ లాంటివి కూడా చేర్చుకున్నవారి అవసరం మొత్తం తీరుస్తాయి, కాకపోతే విదేశీ విద్యార్థికి సీటు ఇవ్వాలా వద్దా అన్నప్పుడు ఎంత ఎయిడ్ (ఆర్థిక సాయం) కావాలో కూడా చూస్తాయి. మరి ఆ కుటుంబం ఎంత భరించగలదు? చాలా కాలేజీల్లో దాన్ని తేల్చేది శాట్ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డు నడిపే సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఆన్‌లైన్ ఫారం. ఈ సమీక్ష దాని గురించి, దానికి తోడుగా పత్రాలు అప్‌లోడ్ చేయించుకునే ఐడాక్ గురించి.

ముందే మా తీర్పు చెప్పేస్తే, ఐదుకి మూడు. జీతం మీద బతికే ఇంటికి ఇది బాగానే కుదురుతుంది. పొలం, కొబ్బరితోట, రొయ్యల చెరువు ఉన్న ఇంటికి మాత్రం ఊరికే నింపి పంపితే నష్టం చేస్తుంది, వివరణ జతచేసి పంపితే పనికొస్తుంది.

ఫారం ఫీజు మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆపైన ఒక్కో కాలేజీకి 16. ఎనిమిది కాలేజీలకు 137 డాలర్లు, అంటే దాదాపు 12 వేల రూపాయలు. ఆదాయం తక్కువున్న అమెరికా కుటుంబాలకు ఇది ఉచితం; మనకు ఆ సదుపాయం దానంతటది రాదు. కాలేజీ ఎయిడ్ ఆఫీసుకు ఈమెయిల్ రాసి ఫీజు కోడ్ అడగాలి. కొన్ని ఇస్తాయి, కొన్ని ఈ ఫారానికి బదులు తమ సొంత ఉచిత ఫారం చాలంటాయి. కోడ్‌ను డబ్బు కట్టకముందే వాడాలి. కార్డుతో కట్టేటప్పుడు చెల్లింపు ఫెయిలైతే కంగారు పడొద్దు: మన డెబిట్ కార్డుల్లో విదేశీ లావాదేవీలు మొదట్లో ఆపేసి ఉంటాయి, బ్యాంకు యాప్‌లోకి వెళ్లి తెరవాలి. ఎఫ్ఏఎఫ్ఎస్ఏ అనే ఇంకో ఫారం పేరు కూడా వినిపిస్తుంది. అది అమెరికా ప్రభుత్వ సాయానికి, మన పిల్లలకు అక్కర్లేదు.

సీఎస్‌ఎస్ ఫారం అక్టోబరు 1న తెరుచుకుంటుంది. అడిగేది రెండేళ్ల కిందటి ఆదాయం. 2026 ఆగస్టులో చేరేవారికి 2024 లెక్కలు కావాలి. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి దాకా కాబట్టి 2023-24 వాడుతున్నారా, 2024-25 వాడుతున్నారా అన్నది ఒకటి తేల్చుకుని, ఆ మాట వివరణలో రాసి, అన్ని పత్రాలూ అదే ఏడాదివి పెట్టాలి. అంకెలు రూపాయల్లోనే వేయొచ్చు. ఇంత వరకూ సులువే.

చిక్కు పొలం దగ్గర మొదలవుతుంది. ఉండి వైపో, తణుకు వైపో నాలుగెకరాల మాగాణి ఉండి కౌలుకిచ్చిన కుటుంబాన్ని తీసుకుందాం. ఎకరం 50 లక్షలు అనుకుంటే ఆస్తి 2 కోట్లు. సార్వా, దాళ్వా కలిపి ఎకరానికి 30 బస్తాల మక్తా (కౌలు ధాన్యం) వస్తుందనుకుందాం. 2024-25లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు, అంటే 75 కిలోల బస్తా 1,725. ఎకరానికి 51,750, నాలుగెకరాలకు 2 లక్షల 7 వేలు. ఇప్పుడు ఫారం వెనకున్న లెక్క చూడండి. ప్రామాణిక పద్ధతిలో తల్లిదండ్రుల నికర ఆస్తిలో ఏటా 3 నుంచి 5 శాతం దాకా చదువుకు వాడగలరని తీసుకుంటారు. 2 కోట్లలో 5 శాతం 10 లక్షలు. ఏడాదికి 2 లక్షలు తెచ్చే భూమి మీద 10 లక్షలు కట్టగలరని అంకె వస్తుంది. వాళ్ల పద్ధతి షేర్లూ బ్యాంకు నిల్వలూ ఉన్న ఇంటిని చూసి కట్టింది. మన దగ్గర భూమి ధరకీ భూమి రాబడికీ పొంతన ఉండదన్న సంగతి ఆ పద్ధతికి తెలియదు. కాలేజీలు ఆ అంకెకే కట్టుబడి ఉండాలని లేదు, ఎయిడ్ అధికారి చేత్తో మార్చగలరు. అయితే మార్చడానికి ఆయన చేతికి ఒక కారణం అందించాలి.

అందుకే ఫారం చివర వచ్చే ప్రత్యేక పరిస్థితుల పెట్టెను ఖాళీగా వదలొద్దు. అందులో కన్నీళ్లు అక్కర్లేదు, అంకెలు కావాలి. ఎన్ని ఎకరాలు, ఏ పంట, సొంత సాగా కౌలా, ఎకరానికి ఎన్ని బస్తాలు, బస్తా ఎన్ని కిలోలు, ఏ ధరకు అమ్మారు, మొత్తం ఎంత చేతికొచ్చింది. తర్వాత ఒక వాక్యం: ఈ భూమి కుటుంబానికి ఉన్న ఏకైక రాబడి, అమ్మితే ఆ రాబడి ఆగిపోతుంది. ఇంకో వాక్యం: దీన్ని తాకట్టు పెట్టుకుని బ్యాంకు విద్యా రుణం ఇవ్వదు. అంతే. కొబ్బరితోటైతే బస్తాల చోట దింపుకి ఎన్ని కాయలు, ఏడాదికి ఎన్ని దింపులు, వెయ్యి కాయల ధర ఎంత అని రాయాలి.

ధర విషయంలో దాపరికం వద్దు. ఫారం అడిగేది మార్కెట్ విలువ. రిజిస్ట్రార్ ఆఫీసు విలువ తక్కువుంటుంది కదా అని అది మాత్రమే వేస్తే, తర్వాత పత్రాలు చూసినవారికి అనుమానం వస్తుంది. ఊళ్లో నిజంగా అమ్ముడయ్యే ధర వేసి, రిజిస్ట్రేషన్ విలువను వివరణలో చెప్పండి. తాతగారి పేరున ఉన్న భూమి తల్లిదండ్రుల ఆస్తి కాదు, వేయనక్కర్లేదు; దాని మీద వచ్చే రాబడి ఇంటికి చేరుతుంటే ఆ రాబడి వేయాలి. అన్నదమ్ముల ఉమ్మడి ఆస్తిలో తమ వాటా మాత్రమే వేయాలి. సొంత సాగైతే వ్యవసాయ విభాగంలోకి, కౌలుకిస్తే ఇతర స్థిరాస్తిలోకి వెళ్తుంది. రెండుచోట్లా వేసి ఆస్తిని రెట్టింపు చేసుకునేవారున్నారు, జాగ్రత్త.

చెరువుల వారికి ఇంకో రకం ప్రమాదం. రొయ్య పట్టుబడి డబ్బును ఆదాయం గడిలో వేసేస్తారు. నాలుగు టన్నులు, కిలో 240 చొప్పున 9 లక్షల 60 వేలు వచ్చిందనుకోండి. అందులో సీడు, మేత, కరెంటు, ఏరేటర్ల డీజిలు, చెరువు లీజు పోవాలి. ఖర్చులో సగానికి పైగా మేతే. అమ్మకం ఒకచోట, ఖర్చులు ఒకచోట, మిగిలింది ఒకచోట చూపాలి, అందుకే వ్యాపార విభాగం ఉంది. పన్ను చట్టంలో కూడా చెరువు రాబడిని సాధారణంగా వ్యవసాయ ఆదాయంగా చూడరు, మినహాయింపు దొరకదు. వరి, కొబ్బరి రాబడికి మాత్రం ఆదాయపు పన్ను చట్టంలో మినహాయింపు ఉంది. ఫారంలో దాన్ని పన్నులేని ఆదాయం కింద వేయాలి. పన్ను లేదు కదా అని వదిలేయకూడదు. తెల్లమచ్చ తెగులు వచ్చి పంట పోయినా, 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పటిలా ధర పడిపోయినా, రెండేళ్ల కిందటి లాభం చూసి లెక్కగడితే అన్యాయమే. దానికి ఈ ఏడాది ఎంత రావచ్చో వేసే గడి ఉంది. అక్కడ అంకె వేసి, కారణం వివరణలో రాయాలి.

అప్పుల సంగతి. ఆ ఆస్తి మీదే ఉన్న అప్పు, అంటే పొలం పాస్‌బుక్ మీద పంట రుణమో, ఇంటి మీద గృహరుణమో అయితే ఆస్తి విలువలోంచి తీసేస్తారు. ప్రోనోటు మీద తెచ్చిన చేబదులు, మేత డీలరుకు ఉన్న బాకీ, పాడేసిన చీటీ వాయిదాలు ఫారంలో సరిగ్గా ఇమడవు. వాటికి మళ్లీ వివరణ పెట్టే దిక్కు.

పత్రాల దగ్గర ఐడాక్ వంతు. స్కాన్ చేసి ఒక్కసారి ఎక్కిస్తే, అడిగిన కాలేజీలన్నిటికీ చేరుతుంది. ఇది ఈ సేవలో నిజంగా మెచ్చుకోదగ్గ భాగం. ఐటీఆర్, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇంగ్లీషులోనే ఉంటాయి. భూమి రికార్డులైన 1బీ, అడంగల్ తెలుగులో ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. అన్నిటికంటే ఎక్కువ చెడగొట్టేది తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం. బియ్యం కార్డుకు పల్లెల్లో నెలకు 10 వేల పరిమితి ఉంది గనక, చాలా ఇళ్ల ధ్రువపత్రంలో ఏడాదికి లక్షో, లక్షా ఇరవై వేలో ఉంటుంది. అదే ఇంటి ఐటీఆర్‌లో 6 లక్షలుంటే, రెండూ ఒకే ఫైల్లో చూసిన అధికారి ఏది నమ్మాలి? అడగని పత్రం ఎక్కించొద్దు. అడిగితే కొత్తగా, నిజమైన అంకెతో తీసుకున్నదే ఇవ్వాలి.

పేరు కూడా చూసుకోండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో విడిగా ఉంటుంది. కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు చేసే ఆన్‌లైన్ ఫారం), కాలేజ్ బోర్డు ఖాతా, ఐడాక్ మూడింటిలోనూ పాస్‌పోర్టులో ఉన్నట్టే పేరుండాలి. లేకపోతే ఎక్కించిన పత్రాలు అప్లికేషన్‌తో జతపడక, అందలేదని ఈమెయిళ్లు వస్తూనే ఉంటాయి. అడ్మిషన్ వైపు పెద్దగా చెప్పేదేం లేదు: తొమ్మిది నుంచి ఇంటర్ దాకా మార్కులు, ఇద్దరు లెక్చరర్ల సిఫార్సు, ప్రిన్సిపాల్ నింపే రిపోర్టు కావాలి. నిర్ణయాలు మార్చిలో వస్తాయి, మన ఇంటర్ ఫలితాలు ఆ తర్వాత. కాబట్టి రెండో ఏడాదికి అంచనా మార్కులు ప్రిన్సిపాల్ దగ్గర ముందే రాయించుకోవాలి.

ఎయిడ్ కావాలా అన్న ప్రశ్నకు కామన్ యాప్‌లో "వద్దు" అని టిక్ పెట్టమని, సీటొచ్చాక అడగొచ్చని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఇంతకంటే హాని చేసే సలహా ఈ దారిలో లేదు. చాలా కాలేజీల్లో విదేశీ విద్యార్థి అప్లికేషన్‌తో పాటు ఎయిడ్ అడగకపోతే నాలుగేళ్లూ అడిగే హక్కు ఉండదు. పిల్లవాడికి సీటొస్తుంది, 75 లక్షల బిల్లూ వస్తుంది, దారి మూసుకుపోతుంది. అవసరమున్న ఇల్లు మొదటి రోజే అడగాలి.

మెరిట్ స్కాలర్‌షిప్ వేరు. ఫీజు 75 వేల డాలర్లున్న కాలేజీ 35 వేలు మెరిట్ కింద ఇచ్చిందంటే ఊళ్లో ఫ్లెక్సీ కట్టేంత సంబరం. కానీ మిగిలిన 40 వేల డాలర్లు అంటే ఏటా 35 లక్షలు. పైగా ఫీజు ఏటా పెరుగుతుంది, మెరిట్ మొత్తం చాలాచోట్ల పెరగదు. కాలేజీని అడగాల్సినవి: ఇన్సూరెన్సు, పుస్తకాలు, విమానం టికెట్టు కలిపాక మేం కట్టేది ఎంత, రెండో ఏడాది అది ఎలా మారుతుంది, ప్రతి ఏడాదీ ఫారం మళ్లీ నింపాలా.

ఎంత ఎయిడ్ ఇస్తారో చెప్పే అవార్డు లెటర్ వచ్చాక తేడాకు లోన్ ఆలోచిస్తే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఆస్తి అమ్మి బాకీ రాబట్టుకునే వీలు బ్యాంకులకు ఇచ్చేది సర్ఫేసీ చట్టం. దాని సెక్షన్ 31(ఐ) ప్రకారం వ్యవసాయ భూమి మీద ఆ చట్టం కింద వసూలుకు బ్యాంకు వెళ్లలేదు. అందుకే రెండు కోట్ల మాగాణి చూపినా విద్యా రుణానికి హామీగా తీసుకోరు, అప్రూవ్డ్ లేఅవుట్‌లో స్థలమో, పట్నంలో ఇల్లో అడుగుతారు. లోన్ కాకుండా సొంత డబ్బు పంపితే ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తం మీద టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. అది ఐటీఆర్ వేసి తిరిగి తెచ్చుకోవచ్చు.

హాస్టలుకు, భోజనానికి ఇచ్చే గ్రాంటు అమెరికా చట్టంలో ఆదాయమే అన్నది చాలామందికి అక్కడికెళ్లాకే తెలుస్తుంది. ఎఫ్-1 వీసా విద్యార్థి దగ్గర దాని మీద 14 శాతం పట్టుకుంటారు. ఆ గ్రాంటు 18 వేల డాలర్లయితే 2,520 డాలర్లు విద్యార్థి ఖాతాలో బాకీగా కనబడుతుంది. భారత్-అమెరికా పన్ను ఒప్పందం ఆర్టికల్ 21 మన విద్యార్థులకు స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో కొంత మొత్తం మీద పన్ను లేకుండా చేసే తగ్గింపు) ఇస్తుంది, చాలా దేశాల వారికి అది లేదు. 1040-ఎన్ఆర్ అనే అమెరికా పన్ను రిటర్ను దాఖలు చేస్తే చాలావరకు తిరిగొస్తుంది. అప్పటిదాకా సర్దుకోవడానికి మొదటి ఏడాది ఆ మొత్తం చేతిలో ఉంచుకోవాలి. సెవిస్ (విదేశీ విద్యార్థుల నమోదు) ఫీజు 350 డాలర్లు, వీసా దరఖాస్తు 185 డాలర్లు ఎటూ వేరే.

ఇచ్చిన ఎయిడ్ చాలకపోతే అప్పీలు చేయొచ్చు, చాలా కాలేజీలు వింటాయి. సీటు ఒప్పుకునే గడువు సాధారణంగా మే 1, కాబట్టి లెటర్ వచ్చిన వారంలోపు రాయాలి. మొదటి ఫారంలో లేని కొత్త కాగితం ఒకటైనా జతచేయాలి: దాళ్వా ధాన్యం అమ్మిన రసీదు, చెరువు పంట పోయిన ఏడాది మేత బిల్లులు, ఆసుపత్రి ఖర్చు, లోన్ ఇవ్వలేమని బ్యాంకు ఇచ్చిన లేఖ. ఏటా ఎంత కట్టగలరో ఒక అంకె కూడా రాయండి, ఎందుకంటే ఆ అంకె లేని అప్పీలుకు ఎయిడ్ ఆఫీసు మళ్లీ ప్రశ్నలే పంపుతుంది, ఆలోగా గడువు దగ్గరపడుతుంది.