మూడు వానాకాలాలు చూసిన వైపర్ మోటార్

2022 జూలైలో మెహదీపట్నం దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కానో లేదో, వాన దంచికొట్టింది. వైపర్లు సగం అద్దం దాకా వచ్చి అక్కడే నిలబడిపోయాయి. కిందికి దిగే ర్యాంపు వచ్చేదాకా పక్క కిటికీలోంచి తల బయటపెట్టి నడిపాను.

మర్నాడు మెకానిక్ బానెట్ ఎత్తి చూసి, "మోటార్ పోయిందన్నా" అన్నాడు. కంపెనీ మోటార్ ధర విని గుండె ఆగినంత పనైంది. రాణిగంజ్‌కి పోయి, అందులో సగం ధరకి బయటి మోటార్ తెచ్చి వేయించాను.

దానికి పెద్దగా వంక పెట్టను. బోల్టు రంధ్రాలు సరిగ్గా కుదిరాయి. స్విచ్ ఆపితే వైపర్లు బుద్ధిగా కిందికే వచ్చి ఆగుతాయి. చవక మోటార్లు ఎక్కువగా తేడా చేసేది అక్కడే. ఫాస్ట్‌లో కాస్త గోల ఉంది. ఎండాకాలమంతా ముట్టుకోకపోతే మొదటి వానకి రెండు నిమిషాలు మూలుగుతుంది.

2024 సెప్టెంబర్‌లో ఇదీ ఆగింది. ఈసారి నేనే కూర్చున్నాను. ఫ్యూజు బాగానే ఉంది. మోటార్ ప్లగ్గు పీకి, స్విచ్ వేసి, టెస్ట్ ల్యాంప్ క్లిప్పు బ్యాటరీ మైనస్‌కి తగిలించి సప్లై వైరుకి సూది ఆనించాను. వెలిగింది. కరెంటు వస్తోందన్నమాట. క్లిప్పు ప్లస్‌కి మార్చి ఎర్త్ వైరు (కరెంటు బండి బాడీకి తిరిగి వెళ్ళే వైరు) మీద పెడితే వెలగలేదు. ఆ దారి తెగిందన్నమాట.

ఆ వైరు పట్టుకుని వెళ్తే అద్దం కింది ప్లాస్టిక్ జాలీ లోపల తేలింది. మా ఇంటి ముందు వేపచెట్టు ఆకులన్నీ అక్కడే కుళ్ళి, నీళ్ళు పోయే రంధ్రం మూసుకుపోయింది. ఎర్త్ బోల్టు తుప్పుతో ఉబ్బి బెల్లంముక్కలా ఉంది. విప్పి, ఎమరీ కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్ది, గ్రీజు రాసి బిగించాను. స్విచ్ వేయగానే వైపర్లు లేచాయి.

అప్పుడు తట్టింది. మొదటిసారి మెకానిక్ మోటార్ మార్చేటప్పుడు ఈ బోల్టు కూడా విప్పి బిగించాడు కదా!

అటక మీద గుడ్డలో చుట్టి పెట్టిన పాత మోటార్ దించి, రెండు వైర్లతో బ్యాటరీకి తగిలించాను. గిర్రున తిరిగింది.