సౌత్ డకోటా: 92 డాలర్ల రూము, 189 డాలర్ల బిల్లు

ఆగస్టు మొదట్లో సౌత్ డకోటా వెళ్లాలనుకునేవాళ్లు ముందు ఒక సంగతి తెలుసుకోండి. అప్పుడే స్టర్జిస్‌లో పది రోజుల మోటార్‌సైకిల్ ర్యాలీ జరుగుతుంది. లక్షల మంది వస్తారు. రాష్ట్రం మధ్యగా పోయే ఇంటర్‌స్టేట్ 90 హైవే మీద లాడ్జీల రేట్లు మండిపోతాయి. ఇది మాకు తెలియక దెబ్బతిన్నాం.

మినియాపొలిస్ నుంచి నేను, మా ఆయన, ఊరి నుంచి వచ్చిన నాన్న బయల్దేరాం. సూ ఫాల్స్‌లో ఆ రాత్రి హాయిగా గడిచింది. అక్కడ చిస్లిక్ అని వేయించిన మాంసం ముక్కలు ఇస్తారు, పుల్లలతో గుచ్చుకుని తినాలి. ప్లేటు 13 డాలర్లు. నాన్న రెండోది కూడా చెప్పించుకున్నారు. మిచెల్‌లో మొక్కజొన్న కంకులతో గోడలు అలంకరించిన కార్న్ ప్యాలెస్ చూడటం ఉచితం. అరగంట చాలు.

నాన్నకి పర్చూరు దగ్గర రేగడి పొలం ఉంది. దారిలో ఒకచోట కారు ఆపించి, చేను గట్టున మట్టి తీసి వేళ్ల మధ్య నలిపారు. "నల్లగా మనదానిలాగే ఉందమ్మా, కానీ జిగురు లేదు, పొడిపొడిగా రాలుతోంది" అన్నారు. వేల ఏళ్లు గడ్డి వేళ్లు కుళ్లి తయారైన మట్టి అది. చాంబర్లిన్ దగ్గర మిస్సోరి నది దాటేదాకా మొక్కజొన్న, సోయా తప్ప ఇంకేం కనపడలేదు. దాటాక దేశం మారిపోయినట్టుంది. మంచుయుగంలో హిమానీనదాలు తూర్పు వైపంతా చదును చేసి, దాదాపు ఈ నది దగ్గరే ఆగిపోయాయి. వాన కూడా తూర్పున ఏడాదికి పాతిక అంగుళాలు పడితే, పడమరకి పోయేకొద్దీ 16, 17కి పడిపోతుంది. అందుకే అటు గోధుమ, పొద్దుతిరుగుడు, మిగతాదంతా గడ్డి, పశువులు. "ఇది మన కనిగిరి వైపు లాగుంది" అని నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

ఆ పడమటి వైపే ఒక చిన్న ఊళ్లో మా మోటెల్. బుకింగ్‌లో 92 అని స్పష్టంగా ఉంది. కౌంటర్లో ఆవిడ ఫోను వైపు చూడనైనా చూడకుండా "ఈ వారం 189, ఇష్టమైతే ఉండండి" అంది. మా ఆయన వాదించారు, నేనూ వాదించాను. బయట వంద ఫారెన్‌హీట్ ఎండ, నాన్నకి బీపీ. కట్టేశాం. రూములో ఏసీ శబ్దమే తప్ప చల్లదనం లేదు. మార్చమంటే వేరే గది లేదన్నారు.

సాయంత్రం ఏడింటికి పడమర ఆకాశం ఆకుపచ్చగా మారింది. వడగళ్లొస్తాయేమోనని టెన్షన్. మోటెల్ ముందున్న రేకుల కింద కారు పెట్టుకుంటామంటే అదీ కుదరదన్నారు. ఈ దారిలోనే ఉన్న వివియన్‌లో 2010 జూలైలో ఎనిమిది అంగుళాల వడగల్లు పడింది, అమెరికాలో అదే రికార్డు. ఎదురుగా విత్తనాలు, ఎరువులు అమ్మే షాపాయన రోడ్డు మీదకొచ్చి చేతులూపి మమ్మల్ని పిలిచాడు. ట్రాక్టర్ పక్కకి జరిపి మా కారుని షెడ్డులో పెట్టించాడు. పది నిమిషాల తర్వాత నిమ్మకాయంత వడగళ్లు. షెడ్డు రేకుల మీద ఆ చప్పుడుకి ఒకరి మాట ఒకరికి వినపడలేదు. మోటెల్ ముందున్న రెండు కార్ల అద్దాలు పగిలిపోయాయి.

వాన తగ్గాక నాన్న ఒక వడగల్లు అరచేతిలో పెట్టుకుని, "ఈయన పంట ఏమైందో అడుగమ్మా" అన్నారు. పొద్దుతిరుగుడు పూర్తిగా పోయి ఉంటుందన్నాడు. వడగళ్లకి విడిగా ఇన్సూరెన్స్ కడతానని, పెట్టుబడి వరకైనా వస్తుందని చెప్పాడు. తన చేను పోయిన మనిషి మా కారు కాపాడాడు. 20 డాలర్లు ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టి, నాన్నకి కాఫీ పోసి ఇచ్చాడు.

మర్నాడు బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్ చూశాం. కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. పొద్దున ఆరింటికే వెళ్లండి, తొమ్మిది దాటితే నిలవలేరు. దగ్గర్లోని వాల్ అనే ఊళ్లో వాల్ డ్రగ్ షాపులో కాఫీ ఐదు సెంట్లే.

రూము బుక్ చేసుకున్నాక మోటెల్‌కి ఫోన్ చేసి, రేటు మెయిల్‌లో రాయించుకోండి. ర్యాలీ వారమైతే సూ ఫాల్స్ దాటి బుక్ చేయకండి. మేం తిరుగు ప్రయాణంలో ఆ ఊళ్లో మళ్లీ ఆగాం. నాన్న తన పచ్చళ్ల సంచిలోంచి గోంగూర సీసా తీసి ఆ షాపాయన చేతిలో పెట్టారు.