ఉద్యోగం తీసేస్తామన్నారు: బావనా, యూనియనా, లేబర్ లాయరా? ఏది మేలు?

బెంగళూరు మారతహళ్ళిలో మేముండే అపార్ట్‌మెంట్లో సగం మంది తెలుగువాళ్ళే. ఎవరికైనా హెచ్ఆర్ నుంచి "పది నిమిషాలు మాట్లాడాలి" అని పిలుపొస్తే, సాయంత్రానికల్లా టీ కొట్టు దగ్గర నాలుగు రకాల సలహాలు రెడీగా ఉంటాయి. ఈ మధ్య ఆ పిలుపు నాకే వచ్చింది. తొమ్మిదేళ్ళ సర్వీసు. "సాయంత్రంలోపు మీరే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా ఇస్తాం, లేదంటే టెర్మినేషన్" అన్నారు. ఆ రాత్రి నా ముందున్న దారులు నాలుగు: అనంతపురంలో లాయరుగా ఉన్న మా అక్క భర్త, పెద్ద లా ఫర్మ్, ఐటీ ఉద్యోగుల యూనియన్, కేవలం లేబర్ కేసులు చూసే లాయరు.

ముందు బావకే ఫోన్ చేశాను. ఆయన మొదటి ప్రశ్న, "సంతకం పెట్టావా?" "లేదు బావా." "పెట్టొద్దు. నోటితో చెప్పింది మెయిల్లో పెట్టమను." ఈ ఒక్క మాటకి ఆయనకి జీవితాంతం రుణపడి ఉంటాను. రాజీనామా ఇచ్చేశాక, అది బలవంతంగా రాయించుకున్నారని నిరూపించే బరువు మన మీదే పడుతుంది. కానీ బావ అక్కడితో ఆగలేదు. మర్నాటికే కంపెనీకి పంపమని లీగల్ నోటీసు రాసి నాకు పంపాడు. "పదిమంది టీమ్‌ను సమర్థంగా నడిపించిన మేనేజర్ అయిన నా క్లయింటు" అని మొదలవుతుంది. చదువుకుంటే గర్వంగానే అనిపించింది.

మూడు రోజుల తర్వాత లేబర్ లాయరు ఆ వాక్యం కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, "ఇది పంపలేదు కదా?" అన్నారు.

విషయమంతా ఆ మాటలోనే ఉంది. 2025 నవంబర్ 21న నాలుగు కొత్త కార్మిక చట్టాలు, అంటే లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిలో పారిశ్రామిక సంబంధాల కోడ్ రక్షణ ఇచ్చేది 'వర్కర్'కి. మేనేజర్ పని, అడ్మినిస్ట్రేషన్ పని చేసేవాళ్ళు వర్కర్లు కారు. సూపర్‌వైజర్ పని చేస్తూ నెలకి 18,000 రూపాయలు దాటి జీతం తీసుకునేవాళ్ళూ కారు. కానీ సాఫ్ట్‌వేర్ కోడ్ రాసేవాళ్ళు, టెస్టింగ్ చేసేవాళ్ళు, అంటే టెక్నికల్ పని చేసేవాళ్ళు జీతం ఎంతున్నా వర్కర్లు కావచ్చు. చూడాల్సింది చేసే పనిని, హోదా పేరుని కాదు. నా ఐడీ కార్డు మీద మేనేజర్ అనే ఉంది. కానీ నేను ఎవరికీ సెలవు మంజూరు చేసిన పాపాన పోలేదు, ఎవరినీ పనిలో పెట్టుకోలేదు, రోజంతా టెస్ట్ స్క్రిప్టులే. వర్కర్‌ అయితే, ఉద్యోగాల కోత పేరుతో తీసేసేటప్పుడు నెల నోటీసు లేదా ఆ నెల జీతం, పనిచేసిన ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున పరిహారం అడగొచ్చు. లేబర్ ఆఫీసులో రాజీకి దరఖాస్తు పెట్టి, 45 రోజుల్లో తేలకపోతే పారిశ్రామిక వివాదాలు చూసే ట్రైబ్యునల్‌కి వెళ్ళొచ్చు. రాజీ విచారణకి గడువు రెండేళ్ళు. వర్కర్ కాకపోతే మిగిలేది సివిల్ కోర్టు. ప్రైవేటు ఉద్యోగాన్ని తిరిగి ఇప్పించడం ఆ కోర్టు పని కాదు, మహా అయితే నోటీసు కాలం జీతం, బాకీలు వస్తాయి. బావ ప్రేమతో రాసిన ఆ పొగడ్త నన్ను నేరుగా ఈ రెండో గదిలోకి నెట్టేసేది.

అందుకని బంధువుల్లో లాయరు ఉంటే ధైర్యానికి మేలు, కేసుకి కాదు. భూమి తగాదాల్లో ఆయన దిట్టే, కానీ ఇది వేరే ఆట. పైగా ప్రతి వాయిదాకీ అనంతపురం నుంచి రాలేడు, మనం ఫీజు ఇస్తామన్నా తీసుకోడు, తీసుకోనివాడిని పని ఆలస్యమైందని అడగనూలేం.

పెద్ద లా ఫర్మ్ సంగతి త్వరగా తేలిపోయింది. ఫోన్ చేయగానే అడిగింది నా పేరు కాదు, కంపెనీ పేరు. మర్నాడు "మేము తీసుకోలేం" అని మర్యాదగా మెయిల్ వచ్చింది. తప్పు పట్టడానికి లేదు. అలాంటివాళ్ళకి ఎక్కువ పని కంపెనీల నుంచే వస్తుంది, రెండు వైపులా నిలబడకూడదు కదా. స్టాక్ ఆప్షన్లు కోట్లలో ఉన్నవాళ్ళకి, విదేశీ మాతృసంస్థతో పదిహేను పేజీల సెటిల్‌మెంట్ కుదుర్చుకోవాల్సిన వైస్ ప్రెసిడెంట్లకి వాళ్ళే సరి. నాలాంటి వాడికి ఆ మీటర్ తిరుగుడు తట్టుకోవడం కష్టం.

యూనియన్ అనగానే మనవాళ్ళకి భయం, పేరు బయటికొస్తే ఇంకో కంపెనీ తీసుకోదేమోనని. నాకూ ఉండేది. బెంగళూరులో 2017 నుంచి కర్ణాటక రాష్ట్ర ఐటీ ఉద్యోగుల యూనియన్, అందరూ కీటు అని పిలిచేది, పనిచేస్తోంది. నాకు అసలు తెలియని సంగతి ఒకటి అక్కడ తెలిసింది: లేబర్ ఆఫీసులో రాజీ విచారణలో మన తరఫున లాయరు హాజరు కావడానికి చట్టం ఒప్పుకోదు. యూనియన్ నాయకుడు మాత్రం కూర్చోవచ్చు. తర్వాత ట్రైబ్యునల్లో కూడా అవతలి పక్షం ఒప్పుకుని, ట్రైబ్యునల్ అనుమతిస్తేనే లాయరు. అంటే అప్పు చేసి పెద్ద లాయరుని పెట్టుకున్నా బన్నేరుఘట్ట రోడ్డులో లేబర్ ఆఫీసు ఉండే కార్మిక భవన్‌లో మొదటి కొన్ని వాయిదాలు ఆయన బయటే కూర్చుంటారు. యూనియన్‌కి ఉన్న లోటు, నీ ఒక్కడి కాగితాలు తీరిగ్గా చదివే ఓపిక అన్నిసార్లూ దొరకదు.

ఆ ఓపికకే లేబర్ లాయరు. గంటకి నేనిచ్చింది మూడు వేలు, నా లెక్కలో ఈ మొత్తం వ్యవహారంలో అతి చవకైన ఖర్చు అదే. ఎంచుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న, "మీరు ఎక్కువగా ఉద్యోగుల వైపా, మేనేజ్‌మెంట్ వైపా?" రెండు వైపులా చేసినవాళ్ళయితే ఇంకా మంచిది, హెచ్ఆర్ తర్వాతి ఎత్తు ఏంటో వాళ్ళకి తెలుసు. "గెలిస్తే ఇరవై శాతం ఇవ్వండి చాలు" అనేవాళ్ళని వదిలేయండి, గెలుపు మీద వాటా ఫీజు తీసుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకి విరుద్ధం. లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు కూడా, కాబట్టి ఆన్‌లైన్‌లో 'నంబర్ వన్' అని మెరిసేవాళ్ళని చూసి ఆగాల్సిన పని లేదు. తెలుగు వచ్చిన లాయరే కావాలని మా ఆవిడ పట్టుబట్టింది. బాధ చెప్పుకోవడానికి తెలుగు హాయి, కానీ మన కాగితాలన్నీ ఇంగ్లిష్, లేబర్ ఆఫీసులో మాట కన్నడం. చివరికి దొరికినాయన ఇంట్లో కన్నడం, కోలార్ పెంపకం వల్ల తెలుగూ వచ్చు. బెంగళూరులో ఈ అదృష్టం అరుదేం కాదు.

డబ్బు లేదని ఆగిపోయేవాళ్ళకి ఒక మాట. మహిళలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి, పారిశ్రామిక కార్మికులకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. సిద్ధయ్య రోడ్డులో రాష్ట్ర న్యాయ సేవల ప్రాధికార ఆఫీసు ఉండే న్యాయదేగులలో అడగొచ్చు, 15100కి ఫోన్ చేసినా చాలు. మా ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసే చిత్తూరు అమ్మాయికి రెండు నెలల జీతం ఆగితే ఈ నంబరే ఇచ్చాను.

మొదటి కన్సల్టేషన్‌కి ఎలా వెళ్ళాలి అన్నదాంట్లోనూ రెండు పద్ధతులు చూశాను. మా పక్క ఫ్లాట్ ఆయన నాలుగొందల మెయిళ్ళు ప్రింట్ తీసుకుని వెళ్ళాడు, గంటలో నలభై నిమిషాలు వాళ్ళ మేనేజర్ ఎంత దుర్మార్గుడో చెప్పడానికే సరిపోయింది. నా లాయరు ముందే ఒక్క పేజీ అడిగారు, అదీ తేదీలతో. చేరిన రోజు, హోదా మారిన రోజులు, పీఐపీలో (పనితీరు మెరుగుపరుచుకోమని గడువిచ్చే పద్ధతిలో) పెట్టిన రోజు, ఆ కాల్‌లో ఎవరెవరు ఉన్నారు, ఎవరు ఏమన్నారు. రోజంతా నిజంగా చేసే పనేంటో నాలుగు లైన్లు. దానికి జతగా అపాయింట్‌మెంట్ లెటర్, ఆఖరి మూడు జీతం స్లిప్పులు, అప్రైజల్ కాగితాలు. ఒక్క పేజీయే మేలు, సందేహం లేదు. రాస్తున్నప్పుడే నా కోపంలో సగం కేసుకి పనికిరాదని నాకే అర్థమైంది.

ఆధారాల కోసం ఆఫీసు ఫైళ్ళు, క్లయింటు డాక్యుమెంట్లు సొంత జీమెయిల్‌కి పంపుకోవద్దు. కంపెనీకి లేని కారణాన్ని మనమే చేతికిచ్చినట్టవుతుంది. వాట్సాప్ చాట్ స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకుండా ఆ ఫోన్ కూడా భద్రంగా పెట్టుకోవాలి, కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి విడిగా సర్టిఫికెట్ కావాలి. దాచడం అసలే వద్దు. నేను రెండేళ్ళ క్రితం వారాంతాల్లో చేసిన చిన్న ఫ్రీలాన్స్ పని చెప్పకుండా ఉందామనుకున్నాను. లాయరుకి చెప్పింది బయటికి పోదని ఆయన అన్నాక నోరు విప్పాను. కంపెనీ అది తవ్వితే ఏం చెప్పాలో ఆ రోజే అనుకున్నాం.

"గెలుస్తామా సార్?" అని ఆఖర్న అడిగాను, అందరూ అడిగేదే. ఆయన సమాధానం చెప్పకుండా ఒక కాగితం మీద మూడు తేదీలు రాసిచ్చారు: బాకీ జీతానికి ఒకటి, రాజీ దరఖాస్తుకి ఒకటి, ట్రైబ్యునల్ గడువు ఒకటి. బాకీల సంగతి మేనేజర్లకీ పనికొస్తుంది. ఉద్యోగం పోయినా, మానేసినా రెండు పనిదినాల్లో వేతనం ముట్టజెప్పాలని వేతనాల కోడ్ చెబుతోంది, హోదా ఏదైనా సరే.

నేను రెండూ కలిపి పెట్టుకున్నాను. కాగితాలు లేబర్ లాయరు చూస్తున్నారు, కార్మిక భవన్‌లో పక్కన కూర్చునేది యూనియన్ వాళ్ళు. రెండో వాయిదా వచ్చే మంగళవారం. బావ నిన్న కూడా ఫోన్ చేసి, "నా నోటీసు పంపితే దెబ్బకి దారికొచ్చేవాళ్ళు" అన్నాడు. ఆ ఎర్ర గీత సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు.