కలంకారీ దుకాణానికి వర్డ్‌ప్రెస్: ఏడాదిన్నర వాడకం తర్వాత

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి దగ్గరలోని ఒక వీధిలో మాకు శ్రీకాళహస్తి కలంకారీ బట్టల దుకాణం ఉంది. దర్శనం ముగించుకుని, రైలు వేళ దాకా బజారులో తిరిగే యాత్రికులతోనే మా బేరమంతా నడుస్తుంది. వారిలో కొందరు ఊరికి చేరాక ఫోన్ చేసి, ఆ రోజు చూసిన నెమళ్ల దుపట్టా ఇంకా ఉందా అని అడుగుతారు. అలాంటి వారి కోసమే మొదట ఒకరి చేత వెబ్‌సైటు చేయించుకున్నాం. ఒక్క ధర మార్చాలన్నా ఆయన తీరిక కోసం ఎదురుచూడవలసి వచ్చేది. చివరికి డొమైన్ (సైటు చిరునామాగా ఉండే పేరు) కూడా ఆయన పేరిటే నమోదై ఉందని తెలిసి, దాన్ని వదులుకుని, కోడింగ్ ఒక్క ముక్క రాని నేనే వర్డ్‌ప్రెస్‌తో కొత్త సైటు కట్టుకున్నాను.

వర్డ్‌ప్రెస్ అనేది వెబ్‌సైట్లు కట్టుకోవడానికి 2003 నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దీని మీదే నడుస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ ఉచితమే కానీ డొమైనుకూ, సైటును ఇంటర్నెట్‌లో ఉంచే హోస్టింగుకూ ఏటా డబ్బు కట్టాలి. నేను తీసుకున్న హోస్టింగ్ కంపెనీ మొదటి ఏడాది ధర చూసి మురిసిపోయాను. రెండో ఏడాది బిల్లు దాదాపు మూడింతలు వచ్చింది. కొనేటప్పుడే రెన్యువల్ ధర ఎంతో చూసుకోవాలని అప్పుడు తెలిసింది.

పేజీలు కట్టడం నేను భయపడినంత కష్టం కాలేదు. 2018 డిసెంబరులో వచ్చిన 5.0 వెర్షన్ నుంచి పేజీని బ్లాకులుగా పేర్చే పద్ధతి ఉంది: ఒక బ్లాకులో బొమ్మ, దాని కింద రాత, పక్కన బటన్. చిక్కు వచ్చింది తెలుగు అక్షరాలతోనే. ఉచిత థీముల్లో (సైటు రూపానికి ముందే తయారై ఉన్న అచ్చుల్లో) వరుసల మధ్య ఎడం ఇంగ్లిషు అక్షరాలకు సరిపోయేటట్టు ఉండడం వల్ల, శీర్షిక రెండు వరుసలైనప్పుడు ‘శ్రీకాళహస్తి’లోని త వత్తు కింది వరుస గుడుల మీద కూర్చునేది. ఆ ఎడాన్ని అక్షరం సైజుకు 1.2 రెట్ల నుంచి 1.6 రెట్లకు పెంచితే సర్దుకుంది. శీర్షికలకు గూగుల్ ఫాంట్స్‌లోని ‘ధూర్జటి’ని ఎంచుకున్నాను, కాళహస్తి బట్టకు కాళహస్తి కవి పేరున్న ఫాంటు కుదరడం నాకు ఎంతో ముచ్చటగా అనిపించింది. పేజీకి తెలుగు పేరు పెడితే లింకును వాట్సాప్‌లో పంపేటప్పుడు అది శాతం గుర్తులూ అంకెలూ నిండిన మూరెడు తోకలా మారుతుంది. అందుకే లింకు వరకు ఇంగ్లిషు అక్షరాలే వాడుతున్నాను.

అమ్మకానికి వూకామర్స్ అనే ఉచిత ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కు తగిలించుకునే అదనపు సాఫ్ట్‌వేర్) ఉంది. చేత్తో, కలంతో వేసే బట్ట కాబట్టి మా దగ్గర ఒకటి ఇంకొకదానిలా ఉండదు. ప్రతి చీరకూ స్టాక్ 1 అని పెడితే, అమ్ముడవగానే ‘స్టాక్ లేదు’ అని సైటే చూపుతుంది. అయితే దుకాణంలో అమ్మిన సరుకు సంగతి సైటుకు తెలియదు కదా! ఒక శనివారం సాయంత్రం రద్దీలో అమ్మిన చీరను సైటులో తీసేయడం మరిచిపోయాను. రాత్రికి హైదరాబాదు నుంచి అదే చీరకు ఆర్డర్ వచ్చింది. డబ్బు తిరిగి పంపాం కానీ, సైటులో డబ్బు వసూలు చేసి పెట్టే పేమెంట్ గేట్‌వే వారి కమీషన్ మాత్రం వెనక్కి రాలేదు. ఇప్పుడు గల్లాపెట్టె పక్కనే ఫోన్ పెట్టుకుని, బిల్లు రాయగానే స్టాకును సున్నా చేస్తున్నాం.

ఫోటోల పని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ చేసి పెట్టదు. కరక్కాయ, పాలలో నానిన గుడ్డకు ఉండే లేత పసుపు ఛాయ ట్యూబులైటు కింద తెల్లగా పాలిపోతుంది, ఇనుము, బెల్లం నానబెట్టి చేసే కసిమి నలుపు నీలంగా కనిపిస్తుంది. ఉదయం మిద్దె మీద నీడపట్టున తీస్తేనే రంగు దక్కుతోంది. ఫోనుతో తీసిన ఫోటోలను ఉన్నవి ఉన్నట్టే, ఒక్కొక్కటి 5 ఎంబీల చొప్పున ఎక్కించిన మొదటి నెలలో సైటు నత్తనడక నడిచింది. 200 కేబీలకు కుదించాక గాని దారికి రాలేదు.

గేట్‌వే కోసం పాన్, బ్యాంకు ఖాతా వివరాలతో పాటు, సైటులో చిరునామా, సరుకు వాపసు నియమాలు, గోప్యతా విధానం కూడా ఉండాలన్నారు. ఆ పేజీలు రాయడానికి నాకు సైటు కట్టినంత సమయం పట్టింది.

ఇక నిర్వహణ. వర్డ్‌ప్రెస్‌కూ, థీముకూ, ప్లగిన్లకూ అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. వేయకపోతే భద్రతకు ముప్పు, వేస్తే అప్పుడప్పుడు ఏదో ఒకటి చెడుతుంది. బ్రహ్మోత్సవాల వారంలోనే ఒక చిన్న ప్లగిన్ అప్‌డేట్ చేయగానే కార్ట్ పేజీ తెల్లగా అయిపోయింది. ముందు రోజు బ్యాకప్ ఉండబట్టి గంటలో బయటపడ్డాను. వారానికి రెండు గంటలు దీనికి కేటాయించలేని వారికి, పదీ పదిహేను రకాల సరుకే ఉన్నవారికి వర్డ్‌ప్రెస్ అక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్‌లోని ఉచిత కేటలాగ్ సరిపోతుంది. మాకు వారం వారం కొత్త బొమ్మలు వస్తాయి కాబట్టి, బిల్లు మూడింతలైనా రెన్యువల్ చేశాను. ఈసారి డొమైన్ నా పేరిటే ఉంది. గడువు తేదీని దుకాణం గోడ క్యాలెండరులో కరెంటు బిల్లు తేదీ పక్కనే ఎర్ర సిరాతో రాసిపెట్టాను.