పాత రోడ్‌స్టర్‌తో కొండా, ట్రాకూ: ఆరేళ్లు వాడాక

1991 నాటి మాజ్డా ఎంఎక్స్-5 నా చేతికి వచ్చి ఆరేళ్లు దాటింది. రెండు సీట్లు, మడిచే పైకప్పు ఉన్న రోడ్‌స్టర్. మొదటి తరం కారు, 1.6 లీటర్ల ఇంజన్. మొదటి ఏడాది మామూలుగా రోడ్డు మీదే తిప్పాను. తర్వాత మెల్లగా హిల్‌క్లైంబ్‌కీ (కొండ రోడ్డు ఎక్కే టైమ్ పోటీ), ట్రాక్ డేలకీ (సొంత కారును రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజులు) పనికొచ్చేలా మార్చుకుంటూ వచ్చాను. ఐదు సీజన్లు గడిచాయి. ఏ మార్పు పనికొచ్చింది, ఏది దండగ అయింది, ఏది విప్పేసి పాతదే తిరిగి బిగించాను అన్నది ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

కొండ అడిగేది ఒకటి, ట్రాక్ అడిగేది ఇంకొకటి. ఒక్క కారుతోనే రెండూ చేయాలనుకుంటే, ప్రతి భాగం దగ్గరా ఏ మాట వినాలో తేల్చుకోవాలి. నేను చేసిన పొరపాట్లు చాలావరకు అక్కడే జరిగాయి.

హిల్‌క్లైంబ్‌లో ఒక్కో కారునే వదులుతారు. నిలబడ్డ చోటి నుంచి బయలుదేరాలి, పోటీ గడియారంతోనే. అమెరికాలోని పైక్స్ పీక్ లాంటిది దాదాపు 20 కిలోమీటర్లు, 156 మలుపులు ఉంటుంది గానీ, అది వేరే లోకం. 1905 నుంచి నడుస్తున్న ఇంగ్లండ్‌లోని షెల్స్‌లీ వాల్ష్ కొండ పొడవు 1000 గజాలే, అంటే కిలోమీటరు కూడా లేదు. నాలాంటి అమెచ్యూర్లు ఎక్కేవి ఎక్కువగా ఇలాంటి చిన్న కొండలే. టైర్లు వేడెక్కేలోపే పరుగు అయిపోతుంది. మొదటి మలుపులో తడబడితే దిద్దుకోవడానికి రెండో ల్యాప్ ఉండదు. రోడ్డు అంచు దాటితే గట్టో, చెట్టో. ట్రాక్ మీద కథ వేరు. ఇరవై నిమిషాల సెషన్‌లో సగం కాకముందే టైర్లు, బ్రేకులు, కూలెంట్, ఇంజన్ ఆయిల్ అన్నీ కాగిపోతాయి. అక్కడ కారు ఎంత వేగంగా పోతుందన్నది తర్వాతి మాట, వేడిని ఎంతసేపు తట్టుకుంటుందన్నదే అసలు ప్రశ్న.

ఈ కారునే ఎందుకు ఎంచుకున్నానంటే, బరువు వెయ్యి కిలోల లోపే. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని పైనొకటి, కిందొకటి చేతులు పట్టుకునే) సస్పెన్షన్. బరువు ముందూ వెనకా దాదాపు సగం సగం. క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలే కోణం), టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగే కోణం) నాలుగు మూలలా సర్దుకునేలా బోల్టులు కంపెనీ నుంచే వస్తాయి, కాబట్టి అలైన్‌మెంట్ కోసం కొత్త భాగాలేవీ కొనక్కర్లేదు. కొనేముందు నేను చూసినవి రెండు. ఒకటి, క్రాంక్‌షాఫ్ట్ ముందు పుల్లీ. 1989-91 నాటి తొలి ఇంజన్లలో క్రాంక్ ముక్కు పొట్టిగా ఉంటుంది, అక్కడ కీ గాడి (పుల్లీని పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క కూర్చునే గాడి) అరిగితే పుల్లీ ఊగుతుంది. ఇంజన్ ఐడిల్‌లో ఉంచి టార్చి వేసి చూడండి. రెండోది తుప్పు. సాఫ్ట్ టాప్ (మడిచే గుడ్డ కప్పు) మీద పడిన నీళ్లు సీట్ల వెనక ఉన్న రెండు గొట్టాల గుండా కిందికి దిగాలి. ఆకులూ మట్టీ చేరి అవి మూసుకుపోతే, నీళ్లు తలుపుల కింది సిల్‌లోకి చేరి లోపలి నుంచి తినేస్తాయి. పైన పెయింట్ నిగనిగలాడుతున్నా వెనక చక్రం ముందున్న చోట వేలితో గట్టిగా నొక్కి చూడాలి. నా కారులో ఎడమవైపు సిల్ చివర కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సి వచ్చింది. రోల్ బార్ (కారు బోల్తా పడితే తలను కాపాడే ఉక్కు చట్రం) బిగించేది ఆ చుట్టుపక్కలే కాబట్టి ఆ పనిలో రాజీ పడలేదు.

బ్రేకుల గురించి కాస్త ఎక్కువ చెబుతాను, నాకు నిజంగా భయం వేసింది అక్కడే. రెండో ట్రాక్ డేలో, పొడవాటి స్ట్రెయిట్ చివర బ్రేక్ తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయింది. రెండుమూడు సార్లు గబగబా కొట్టి, గేర్లు దించి ఎలాగో ఆపాను. ప్యాడ్లు కొత్తవే, డిస్కులూ కొత్తవే. మార్చకుండా వదిలేసింది బ్రేక్ ఆయిల్ ఒక్కటే. మామూలు డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక అదే ప్రమాణం 155 డిగ్రీలకు దిగిపోతుంది. ఆయిల్ మరిగితే లైన్లలో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నలుగుతుంది, ఆయిల్ నలగదు. అందుకే పెడల్ పాతాళానికి పోతుంది. ఆ రోజు నుంచి 300 డిగ్రీలు దాటినా మరగని రకం ఆయిల్ వాడుతున్నాను, ప్రతి రెండు ట్రాక్ డేలకు ఒకసారి బ్లీడ్ చేస్తాను, అంటే లైన్లలోని పాత ఆయిల్, బుడగలు బయటికి తీసేస్తాను. కాలిపర్లు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాలు), డిస్కులు కంపెనీవే. తర్వాత వచ్చిన 1.8 లీటర్ల ఎంఎక్స్-5లోని పెద్ద డిస్కులు దీనికి బిగించొచ్చు గానీ, ఇంత తేలిక కారుకు ఇప్పటివరకు ఆ అవసరం కనబడలేదు.

ప్యాడ్ల దగ్గర మాత్రం కొండ ఎదురు తిరిగింది. ట్రాక్ కోసం వేసిన గట్టి ప్యాడ్లు చల్లగా ఉన్నప్పుడు పట్టవు. కొండ మీద మొదటి బ్రేకింగ్ పాయింట్ స్టార్ట్ నుంచి పది సెకన్లలోపే వస్తుంది. అక్కడ ప్యాడ్ జారిపోతే ఏం చేస్తాం? ఇప్పుడు రెండు సెట్లు పెట్టుకున్నాను. ముందు చక్రాలకు ప్యాడ్లు మార్చడం అరగంట పని, ఆ అరగంట నాకు నిశ్చింతనిచ్చింది.

కూలింగ్ సంగతి. ఈ ఇంజన్ కుటుంబం మొదట ముందు చక్రాలు తిప్పే కార్లలో అడ్డంగా కూర్చోవడానికి తయారైంది. రోడ్‌స్టర్‌లో నిలువుగా పెట్టినప్పుడు నీళ్లు లోపలికి వచ్చేదీ, బయటికి పోయేదీ ముందువైపే అయ్యాయి. దాంతో వెనకున్న నాలుగో సిలిండర్ దగ్గర నీటి ప్రవాహం తక్కువ. రోడ్డు మీద దీనితో బాధ లేదు. ఎండలో వరసగా ల్యాపులు కొడితేనే తెలుస్తుంది. థర్మోస్టాట్‌ను (వేడిని బట్టి నీళ్లకు దారి తెరిచే కవాటం) వెనక్కి మార్చి, వేడి నీళ్లు ఇంజన్ వెనక నుంచి బయటికి పోయేలా చేయించాను. రేడియేటర్ మందమైనది వేశాను. వీటికంటే ముందు చేయాల్సిన పని నేను తర్వాత చేశాను: సరైన టెంపరేచర్ మీటర్. కంపెనీ మీటర్ ముల్లు చాలా వేడి వరకు మధ్యలోనే కదలకుండా కూర్చుంటుంది, అది కదిలేసరికి ఆలస్యమైపోతుంది. అదృష్టవశాత్తు 1991 కారులో ఆయిల్ ప్రెషర్ మీటర్ నిజమైనదే. 1995 నుంచి వచ్చిన కార్లలో ఆ ముల్లు ప్రెషర్ ఉందా లేదా అని మాత్రమే చెబుతుంది.

ఇక సస్పెన్షన్. నా డబ్బూ, ఓపికా ఎక్కువ ఖర్చైంది ఇక్కడే. మొదట ట్రాక్ ఫోటోలు చూసి మురిసిపోయి, గట్టి స్ప్రింగులు వేసి కారును బాగా కిందికి దించాను. చూడటానికి చాలా అందంగా ఉంది. నున్నటి ట్రాక్ మీద బాగానే పోయింది. అదే సెట్టింగ్‌తో కొండకు వెళ్తే, అంతకు ముందు ఏడాది బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కలు) అరిగిపోయిన పాత సస్పెన్షన్‌తో తెచ్చుకున్న టైమ్ కంటే సెకనున్నర ఎక్కువ పట్టింది! కొండ రోడ్డంటే మామూలు రోడ్డే కదా, అతుకులు, గతుకులు, మధ్యలో ఎత్తు, అంచుల్లో వాలు. ఈ కారు సస్పెన్షన్‌కు కదిలే చోటు అసలే తక్కువ. బాగా దించితే ప్రతి గతుక్కీ బంప్ స్టాప్ (కదలిక చివర అడ్డుగా ఉండే ముక్క) మీద కూర్చుంటుంది. ఆ క్షణంలో స్ప్రింగు ఉన్నట్టే కాదు, టైరు ఎగిరి పడుతుంది. నేను టైరును నిందిస్తూ, ప్రెషర్లు మారుస్తూ నెల రోజులు పోగొట్టాను.

తర్వాత కాస్త మెత్తటి స్ప్రింగులు వేసి, ఎత్తు రెండు సెంటీమీటర్లు పెంచి, మంచి డాంపర్లకు (షాక్ అబ్జార్బర్లకు) డబ్బు పెట్టాను. పాత రబ్బరు బుష్‌లు అన్నీ కొత్త రబ్బరుతోనే మార్చాను. ఆ సీజన్‌లో కొండ మీద సెకన్లు తగ్గాయి. ఆశ్చర్యం ఏమిటంటే ట్రాక్ టైమ్‌లు కూడా పడిపోలేదు. ముందు క్యాంబర్ మైనస్ 2 డిగ్రీలకు కాస్త పైన, వెనక ఇంకొంచెం తక్కువ. ముందు టో సున్నా. నాలుగేళ్లుగా ఇదే, కదపలేదు.

దీనికి ముడిపడ్డ ఇంకో విషయం డిఫరెన్షియల్ (డిఫ్), అంటే ఇంజన్ శక్తిని రెండు వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె. 1.6 కార్ల పాత డిఫ్ చిన్నది, లిమిటెడ్ స్లిప్ (ఒక్క చక్రమే ఊరికే తిరగకుండా ఆపే ఏర్పాటు) ఉన్నా అది చిక్కటి ద్రవంతో పనిచేసే విస్కస్ రకం, వయసుతో పట్టు వదిలేస్తుంది. హెయిర్‌పిన్ (వెనక్కి తిరిగే బిగుతైన) మలుపు నుంచి బయటపడేటప్పుడు లోపలి చక్రం ఊరికే తిరిగి పొగ లేచేది. 1.8 కారులోని పెద్ద టోర్సెన్ డిఫ్ (గేర్లతోనే పనిచేసే లిమిటెడ్ స్లిప్ రకం) పెట్టించాను. చాలా తేడా వచ్చింది, కానీ సగం సమస్య అలాగే మిగిలింది. టోర్సెన్ పనిచేయాలంటే రెండు చక్రాలకూ నేల మీద ఎంతో కొంత పట్టు ఉండాలి. ఒకటి గాల్లో లేస్తే అది మామూలు డిఫ్ లాగే అయిపోతుంది. నా కారులో లోపలి వెనక చక్రాన్ని లేపుతున్నది వెనక యాంటీ రోల్ బార్ (మలుపులో కారు పక్కకు ఒరగకుండా రెండు చక్రాలనూ కలిపే కడ్డీ). ఓ రోజు ప్రాక్టీస్ పరుగుల మధ్యలో దాని లింకులు విప్పేశాను. రెండు బోల్టులు, పైసా ఖర్చు లేదు. తర్వాతి పరుగులో హెయిర్‌పిన్ దగ్గర యాక్సిలరేటర్ నొక్కితే కారు నిజంగా ముందుకు దూకింది. ఆ ఆనందం ఇప్పటికీ గుర్తుంది. అయితే ఈ డిఫ్‌తో ఫైనల్ డ్రైవ్ (డిఫ్‌లోని గేర్ల నిష్పత్తి) 4.3 నుంచి 4.1కి మారింది, గేర్లు కొంచెం పొడుగయ్యాయి. కొండకు అది నష్టమే. రెండో గేర్‌లో బయటికి లాగే చోట తెలుస్తుంది.

ఇంజన్‌ను దాదాపు ముట్టుకోలేదు. కొత్తలో 115 హార్స్‌పవర్ అన్నారు, ఇప్పుడు ఎంతో నేను కొలిపించలేదు. టర్బో పెట్టమని స్నేహితులు ప్రతి ఏడూ అంటారు. పెడితే డిఫ్, క్లచ్, కూలింగ్, బ్రేకులు అన్నీ మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. నాకు వద్దు.

పవర్ స్టీరింగ్ తీసేయడం నేను వెనక్కి తిప్పిన మార్పు. పంపు, బెల్టు, గొట్టాలు పోతే బరువు తగ్గుతుంది, ట్రాక్ మీద రోడ్డు చేతుల్లోకి వచ్చినట్టు ఉంటుంది. కానీ కొండ మీద, వెడల్పు స్టిక్కీ టైర్లతో, రెండో గేర్ హెయిర్‌పిన్‌లో స్టీరింగ్ తిప్పడానికి భుజం బలమంతా కావాలి. చేయి ఆలస్యమైతే కారు ఆలస్యం. రెండేళ్ల తర్వాత తిరిగి పెట్టేశాను, మళ్లీ ఆలోచించలేదు. ఏసీ మాత్రం పోయింది, కార్పెట్లు, స్టెపినీ కూడా పోయాయి. రోల్ బార్ బరువు చేరాక లెక్క చూస్తే అరవై కిలోల దాకా తగ్గింది.

రోల్ బార్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గట్టి పైకప్పు లేని కారు ఇది. హెల్మెట్ పెట్టుకుని, బెల్టులు బిగించి కూర్చున్నాక, బార్ పైనుంచి విండ్‌స్క్రీన్ ఫ్రేమ్ పైదాకా ఒక తిన్నని కర్ర పెట్టి చూడండి. హెల్మెట్ ఆ కర్రకు తగలకూడదు. నాకు మొదట తగిలింది. సీటు పట్టాలు తీసేసి, బకెట్ సీటును నేరుగా ఫ్లోర్‌కు దగ్గరగా బిగిస్తే గానీ సరిపోలేదు. అది కుదిరే దాకా ఏ ఈవెంట్‌కూ వెళ్లలేదు. మీరూ వెళ్లకండి.

టైర్లు 195/50 ఆర్15. ట్రాక్‌కు ట్రెడ్‌వేర్ (టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే అంకె) 200 రకం, వేడెక్కాక అద్భుతం. చల్లటి ఉదయం కొండ మీద మొదటి పరుగులో అవే చెక్కలా ఉంటాయి. అందుకే కొండకు మెత్తటి కాంపౌండ్‌తో ఇంకో సెట్. ట్రాక్ మీద చల్లగా 26 పీఎస్‌ఐతో బయలుదేరితే 32 దాకా పెరుగుతుంది. కొండ మీద పెరగడానికి సమయమే లేదు, కాబట్టి కావాల్సిన ప్రెషర్ ముందే పెట్టేయాలి.

ఇప్పుడు నన్ను వేధిస్తున్నది గేర్‌బాక్స్. రెండో గేర్ సింక్రో (గేర్ పడేముందు వేగాలను కలిపే రింగు) అరిగిపోయింది. వేడెక్కాక మెత్తగా పడుతుంది, ట్రాక్ మీద ఇబ్బంది లేదు. చల్లగా ఉన్నప్పుడు మొదటి నుంచి రెండుకు వేగంగా మార్చితే కరకరమంటుంది, కొండ మీద ప్రతి పరుగులోనూ స్టార్ట్ దాటాక చేసే మొదటి పని అదే. రెండు సీజన్లుగా క్షణం ఆగి మారుస్తూ నెట్టుకొచ్చాను. వచ్చే నెల బాక్స్ దించుతున్నాను. సింక్రోలు మార్చి బిగించేటప్పుడే డిఫ్ కూడా విప్పి, 4.3 గేర్లు తిరిగి వేస్తాను.