లెఫ్ట్ జాయిన్‌లో నా తప్పు పట్టిన కోర్సు, రెజ్యూమే దగ్గర తానే తప్పటడుగు వేసింది

మారతహళ్ళిలో ఉంటూ వైట్‌ఫీల్డ్‌లో టెస్టింగ్ ఉద్యోగం చేస్తున్న నేను, డేటా అనాలిసిస్ వైపు మారాలన్న ఉద్దేశంతో బెంగళూరులోనే ఉన్న ఒక శిక్షణ సంస్థవారి ఆన్‌లైన్ కోర్సులో నాలుగు నెలల క్రితం రూ. 18,000 కట్టి చేరాను. అందరికీ ఒకే వరుసలో వీడియోలు చూపించకుండా, ఎవరికి ఏది వచ్చో ఏది రాదో తేల్చుకొని పాఠాలు అమర్చడం తమ ప్రత్యేకత అని వారు చెప్పుకున్నారు. ఆ మాట చాలావరకు నిజమే.

దీనికి ఆధారం ఆంటాలజీ, అంటే ఒక విషయంలోని భావనలనూ వాటి మధ్య సంబంధాలనూ కంప్యూటర్ చదువుకోగలిగేలా రాసిన పటం. 'డేటాబేస్ నుంచి సమాచారం రాబట్టే ఎస్‌క్యూఎల్ భాషలో, గ్రూప్ బై కంటే ముందు సెలెక్ట్ నేర్చుకొని ఉండాలి' వంటి ప్రతి సంగతినీ మన కర్త, కర్మ, క్రియల్లాగా మూడు ముక్కలుగా నమోదు చేసే ఆర్‌డీఎఫ్ పద్ధతి 1999లోనే వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ త్రీ సీ సంస్థ ప్రమాణంగా వెలువడింది.

ఆ పటం విలువ నాకు మూడో వారంలో తెలిసింది. ఆర్డర్లు ఇవ్వనివారితో సహా కస్టమర్లందరి జాబితా తీయమంటే, లెఫ్ట్ జాయిన్ (మొదటి పట్టికలోని వరుసలన్నీ ఉంచి, రెండోదాంట్లో సరిపోయేవి జతచేసే ఆదేశం) సరిగ్గానే రాసి, ఆర్డరు తేదీ షరతును మాత్రం వేర్‌లో, అంటే జతచేశాక వరుసలను వడపోసే భాగంలో, పెట్టాను. ఆర్డరు లేనివారంతా మాయమయ్యారు. జాయిన్ పాఠాన్నే మళ్ళీ చూడమంటుందనుకుంటే, కోర్సు నన్ను నేరుగా నల్ (విలువ లేని ఖాళీ గడి) పాఠానికి పంపింది. ఆర్డరు లేని వరుసలో తేదీ నల్‌గా ఉంటుంది, నల్‌ను దేనితో పోల్చినా ఫలితం 'నిజం' కాదు, కాబట్టి వేర్ ఆ వరుసను వదిలేస్తుంది. షరతును ఆన్‌లోకి, అంటే రెండు పట్టికలను ఎలా జతచేయాలో రాసే భాగంలోకి, మార్చగానే అందరూ తిరిగొచ్చారు. ఆఫీసు రిపోర్టుల్లో ఏడాదిగా నేను చేస్తున్న పొరపాటు అదేనని అప్పుడు గానీ అర్థం కాలేదు.

చేరేటప్పుడు నేను ఎక్కించిన రెజ్యూమే విషయంలో ఇంత నేర్పు కనబడలేదు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివానని రాసినందుకు, ప్రాబబిలిటీ పాఠాలన్నీ వచ్చేసినట్టు టిక్కులు పెట్టి, హైపాథసిస్ టెస్టింగ్‌లో (ఒక ఊహను డేటాతో పరీక్షించే పాఠంలో) దించేసింది. (నా ఉద్యోగం టెస్టింగే కనుక ఈ టెస్టింగూ వచ్చనుకుందేమోనని మా రూమ్మేట్ ఎగతాళి.) ఏడేళ్ళ క్రితం అత్తెసరు మార్కులతో గట్టెక్కిన పేపరును ఇప్పటి నైపుణ్యంగా లెక్కించడం కంటే, 'ఇది నాకు రాదు' అని చెప్పుకొనే వీలైనా లేకపోవడం ఎక్కువ బాధించింది. మెంటర్‌కు మూడు సార్లు రాశాక, పన్నెండో రోజున ఆ టిక్కులు తీశారు.

చేరేవారు రెజ్యూమే ఎక్కించకుండా, ప్రవేశ పరీక్ష ఒక్కటే రాసి మొదలుపెట్టడం మంచిది. గంటన్నర పడుతుంది, మధ్యలో ఆపితే మొదటికొస్తుంది, కనుక ఆదివారం పొద్దున పెట్టుకోవాలి.