పేపర్ గిన్నెకు మైదా జిగురా, ఫెవికాలా?

పాత న్యూస్‌పేపర్లతో గిన్నె చేయడానికి రెండూ పనికొస్తాయి. చిన్నపిల్లలు కూడా చేయి వేస్తుంటే మాత్రం మా ఓటు మైదాకే. అరకప్పు మైదాను అరకప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న రెండు కప్పుల నీళ్లలో పోస్తూ సన్నమంట మీద తిప్పండి. తెలుపు తగ్గి నిగనిగలాడితే ఉడికినట్టు. పచ్చివాసన ఉండగా దింపితే సరిగా అంటదు. చెంచా ఉప్పు వేస్తే బూజు కాస్త ఆలస్యంగా పడుతుంది. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు.

ఫెవికాల్‌కు పొయ్యి అక్కర్లేదు, సమానంగా నీళ్లు కలిపితే చాలు. ఖర్చు ఎక్కువే, కానీ త్వరగా ఆరుతుంది, గట్టిగా ఉంటుంది.

జిగురు ఏదైనా, బోర్లించిన స్టీలు గిన్నెకు నూనె రాసి, చేత్తో చింపిన ముక్కలే అతికించండి. కత్తెర అంచులు లేచి కనిపిస్తాయి. రెండు పొరలు ఆరాకే తర్వాతివి వేయాలి. ఆరు పొరలూ ఒకేసారి వేస్తే పైన ఆరినా లోపల తడి నిలిచి కంపు కొడుతుంది.

అందుకే హైదరాబాద్ ఎండల్లో మైదా, జులై నుంచి సెప్టెంబర్ దాకా ముసురులో ఫెవికాల్. మైదా గిన్నెకు చివర్లో వార్నిష్ తప్పనిసరి, లేదంటే బొద్దింకలు అంచులు కొరికేస్తాయి.